ముగ్గురాయి మిల్లుకు రాళ్ళు ఏరిన కాలం

పోయిన నెల మా తమ్ముడి మనవడు ఇలియాజ్ ఇంటికొచ్చి, చొక్కా జేబులోంచి తెల్లటి గుండు ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. కోడిగుడ్డంత ఉంది, నున్నగా మెరుస్తోంది. వాడు హిందూపురం దగ్గర టైల్సు ఫ్యాక్టరీలో ఇంజనీరు. "అవ్వా, ఇది ఏందో చెప్పు సూద్దాం" అన్నాడు, ముసలమ్మను కాసేపు ఆటపట్టిద్దామని. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తాళంచెవితో కొట్టి చూశాను. తలుపు గడియకేసి గీశాను. చివరికి నాలుక కొసకు ఆనించాను. "అయ్యో అవ్వా, అది మిఠాయి గాదు!" అని వాడు చెయ్యి పట్టుకున్నాడు. "తెలుసులేరా. మిల్లులో వేసే గుండు. పిండి నల్లబడకూడదని ఇనుము మానేసి దీన్ని వేస్తాండారు, అంతేనా?" అన్నాను. వాడి ముఖం చూడాలి! "మరి వీటిని మీరు ఎట్లా ఏరుకుంటార్రా?" అని అడిగితే, "ఏరేదేముండాది అవ్వా? కంపెనీవాళ్ళు కాగితం పంపిస్తారు. దాంట్లో అన్నీ రాసుంటాయి. మేము టిక్కు పెడతాం" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో వాడు బస్సు ఎక్కేలోపల చెప్పడం నావల్ల కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది తాడిపత్రిలో పెన్న ఒడ్డు వైపున్న వీధి. మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నాయనను నాయన అనే పిలుస్తాం, నమాజుకు మాత్రం అరబ్బీ. మా తాత చనిపోయినా ఆయన దూదేకిన విల్లు నడవ గోడకు వేలాడుతూనే ఉండేది. మా జేజి పీరమ్మ, అంటే నాయనకు అమ్మ, పొద్దున లేవగానే ఆ విల్లుకు ఒక సలాం కొట్టి తర్వాత మిగతా లోకం వైపు చూసేది. ఆమె లేచిందనడానికి గుర్తు నస్యం తుమ్ము. మూడు తుమ్ములు పూర్తయితే గాని పొయ్యి అంటుకునేది కాదు. పొయ్యి మీద జొన్నరొట్టె తట్టే చప్పుడు, పక్కన రోట్లో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరే వాసన, నడవలో పాత పత్తి వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా పాత బొంత విప్పితే నాకు ఆకలేస్తుంది.

పత్తి ఏకించుకునేవాళ్ళు తగ్గిపోయాక నాయన ముగ్గురాయి మిల్లులో మేస్త్రీగా చేరాడు. ఆయన పేరు కాశిం. ముగ్గురాయి అంటే మా వైపు కొండల్లో దొరికే తెల్లరాయి. చూడటానికి మామూలు రాయిలా ఉంటుంది గాని చేతిలోకి తీసుకుంటే బరువుకు మణికట్టు వంగుతుంది. దాన్ని పిండి చేసి రంగులు తయారుచేసే కంపెనీలకు పంపేవాళ్ళు. నాయన పనినుంచి వచ్చేటప్పటికి తల నుంచి కాళ్ళదాకా తెల్లగా, పిండిలో దొర్లించి తీసినట్టు ఉండేవాడు. జేజి ఆయనను గడప దాటనిచ్చేది కాదు. వాకిట్లో నిలబెట్టి, పైగుడ్డ విప్పించి చేటలో దులిపేది. ఆ దులిపిన పిండిని వీధిలో ఆడవాళ్ళు ముగ్గుకు పట్టుకుపోయేవాళ్ళు. మేము ముగ్గులు వేసుకోకపోయినా వీధి ముగ్గులన్నిటికీ పిండి మా నాయన ఒంటిమీదినుంచే వెళ్ళేది. పిండి ఎట్లా ఉందో మొదట చెప్పేదీ ఆ ఆడవాళ్ళే. "ఏం పీరమ్మత్తా, ఈ వారం మీ కొడుకు నల్లబడినాడే" అని ఎగతాళి చేసేవాళ్ళు. మిల్లులో ఎవరూ గమనించకముందే పిండి రంగు తిరుగుతోందని మా జేజికి అట్లా తెలిసింది. ఆమె చెప్తే నాయన కొట్టిపారేశాడు. "ముగ్గులు ఏసేటోళ్ళకు మిల్లు సంగతి ఏం తెలుసమ్మా?" అన్నాడు.

నేను అనంతపురంలో పి.యు.సి. చదివి, రసాయనశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకుని, ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియక ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు మిల్లులో కెమిస్టుగా ఉన్న భీమరావు సారుకు కళ్ళలో పొర వచ్చింది. త్రాసు ముల్లు ఎక్కడ ఆగిందో ఆయనకు కనిపించేది కాదు. "కాశిం, నీ మగళు మాబున్ని చదివినామె కదప్పా, పిలుచుకొని రా. నాకు కళ్ళు కావాల" అని తన కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు. మగళు అంటే కూతురు, నేనే. మైసూరు వైపు మనిషి, పెళ్ళి చేసుకోలేదు. చొక్కా జేబులో నాలుగు పెన్సిళ్ళు, ఒక ఏలక్కాయల పొట్లం ఎప్పుడూ ఉండేవి. ఆడపిల్ల మిల్లుకు పోవడమేమిటని వీధిలో కొందరు అన్నారు. జేజి ఒక్క మాటతో వాళ్ళ నోరు మూయించింది: "పొయ్యి కాడ పొగలో మగ్గితే మర్యాద, మిల్లు కాడ దుమ్ములో నిలబడితే తప్పా?"

మిల్లులో పని ఇట్లా ఉండేది. రాయిని ముందు చిన్న ముక్కలుగా కొట్టి, నీళ్ళతో కలిపి పెద్ద ఇనుప పీపాలో పోసేవాళ్ళు. పీపాలో సగం దాకా ఇనుప గుండ్లు. పీపా తిరుగుతుంటే గుండ్లు పైకి పోయి కిందపడి రాయిని నలగ్గొట్టి మెత్తటి మడ్డి చేసేవి. ఆ మడ్డిని నురగ తొట్టిలోకి వదిలి, సబ్బులాంటి నూనె కొంచెం కలిపి, కింది నుంచి గాలి కొట్టేవాళ్ళు. నూనె ముగ్గురాయి రేణువులకే అంటుకుంటుంది. అంటుకున్న రేణువులు బుడగల మీదెక్కి పైకి తేలతాయి. పనికిరాని ఇసుక కిందే ఉండిపోతుంది. అంత బరువైన రాయి నురగ మీద తేలడం మొదటిసారి చూసినప్పుడు నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ నూనె వాసన మాత్రం నెల రోజులు మూతపెట్టిన ఆముదపు కుండలా ఉండేది. తలకు మూడుసార్లు శీకాయ రుద్దినా పోయేది కాదు.

వీధి ఆడవాళ్ళ మాటే నిజమైంది. ఇనుప గుండ్లు అరిగి, ఆ ఇనుము మడ్డిలో కలుస్తోంది. నురగ తెల్లగా పొంగాల్సింది బూడిద రంగుకు తిరిగింది. మద్రాసు రంగుల కంపెనీ వరసగా రెండుసార్లు సరుకు తిప్పి పంపింది. మిల్లు యజమాని షావుకారు అందరినీ పిలిచి చెప్పేశాడు: "నెల తర్వాత కంపెనీ మనిషి వస్తాండాడు. ఆయన ముందర తెల్లటి పిండి ఆడించి సూపించాల. లేదంటే మిల్లు మూసేస్తా. నేను చెప్పేది ఇంతే." మిల్లు మూస్తే మాకు తాడిపత్రిలో ఉండే దారి లేదు. వానలు లేక రెండేళ్ళయింది, కూలి పని కూడా దొరకదు. బళ్ళారిలో పత్తి మిల్లులున్నాయి, అక్కడికి పోదామని నాయన ఆ రాత్రి అన్నం ముందర కూర్చుని అన్నాడు. జేజి రొట్టె తట్టడం ఆపలేదు గాని, ఆ రోజు రొట్టెలన్నీ మాడిపోయాయి.

"ఇనుము తీసేసి రాయి ఎయ్యాల" అని భీమరావు సారు అన్నాడు. బయటి దేశాల్లో ఇట్లాంటి మిల్లులకు చెకుముకి రాళ్ళు వేస్తారట, అవి తెప్పించడానికి మాకు అనుమతీ లేదు, అంత టైమూ లేదు. "పెన్నలో ఉండవా రాళ్ళు?" అన్నాను నేను. నాయన ఒప్పుకోలేదు. ఇనుప గుండ్లంటే ఆయనకు సొంత ఎద్దులంత ప్రేమ. "ఇనుము బరువు. పైనుంచి పడితే దెబ్బ ఉంటాది. రాయికి ఆ దెబ్బ యాడిది? గంటలో అయ్యే పని మూడు గంటలు పడతాది" అన్నాడు. ఆ మాట తప్పు కాదు. "మూడు గంటలు పట్టనీ నాయనా, తెల్లగా వస్తే సాలు గదా" అన్నాను. "నువ్వు నిన్న గాక మొన్న వచ్చినావు. నాకు నేర్పిస్తాండావా?" అని లేచి వెళ్ళిపోయాడు. ఇంట్లో నాయన, మిల్లులో మేస్త్రీ. ఎక్కడ ఎవరితో పోట్లాడుతున్నానో నాకే అర్థమయ్యేది కాదు.

పోట్లాట తీరాలంటే పరీక్ష చేయాలన్నాడు సారు. చిన్న పీపా లేదు. నేను జేజి మామిడికాయ ఊరగాయ జాడీ ఖాళీ చేయించాను. అందుకు ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పెన్నలో ఐదారు రకాల రాళ్ళు ఏరుకొచ్చి, ఒక్కొక్క రకాన్నీ తూచి, ముగ్గురాయి పిండి, నీళ్ళు కలిపి జాడీలో పోసి, మూతి బిగించి, నాయన పీపా ఇరుసుకు తోలుపట్టీతో కట్టి తిప్పాను. ఒక పగలంతా తిప్పి, రాళ్ళు కడిగి ఆరబెట్టి మళ్ళీ తూచేదాన్ని. ఎంత తగ్గిందో అంత అరిగినట్టు. నల్లరాయి గట్టిదే గాని పిండికి నలుపు వదిలింది. బూడిదరంగు సున్నపురాయి వెన్నలా అరిగిపోయింది, పైగా యాసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగింది. అది మడ్డిలో కలిస్తే నూనెనంతా అదే తాగేసి, ముగ్గురాయితోపాటు తనూ నురగ మీదికెక్కి కూర్చుంటుందని సారు చెప్పాడు. గెలిచింది పలుగురాయి. కోడిగుడ్డంత, పగులు లేనిది, ఒకదానికొకటి కొడితే ఖంగుమనేది. పగలంతా తిరిగినా దాని ముఖం మారలేదు. నాయన ఆ రాయిని చేతిలో చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. చివరికి, "సరే, పీపా లోపల ఇనుప రేకు మీద పలుగురాతి పలకలు పరిపిస్తా. గుండ్లు మార్చి గోడ మార్చకపోతే ఏం లాభం?" అన్నాడు. ఓడిపోయినట్టు ఒప్పుకోవడం ఆయనకు అట్లాగే వచ్చు. జాడీలో ఊరగాయ వాసన పూర్తిగా పోలేదు గనుక నా పరీక్షలన్నీ కొంచెం ఆవఘాటుతోనే జరిగాయి.

ఇంతలో భీమరావు సారు కంటి ఆపరేషనుకు మైసూరు వెళ్ళాల్సి వచ్చింది. రైలెక్కుతూ నా చేతిలో యాసిడ్ సీసా పెట్టి, "రాళ్ళు నువ్వే ఏరించు. ప్రతి కుప్పలో నుంచీ పది రాళ్ళకు చుక్క వేసి చూడు. మరిచిపోబేడ" అన్నాడు. రెండు బండ్ల రాళ్ళు కావాలి. పెన్నలో నీళ్ళు లేవు, రాళ్ళకు కొదవలేదు. ఏరడానికి ఓబులమ్మ ముఠాను పెట్టారు. ఎనిమిదిమంది ఆడవాళ్ళు. ఓబులమ్మ అంటే అందరికీ ఓబక్క. సన్నగా, ఎత్తుగా ఉండేది. చేతిలోకి రాయి తీసుకుంటే దాని బరువు ఆమె ముఖంలో తెలిసేది. నేను మంచి పలుగురాళ్ళు రెండు చూపించి, "ఇట్లా గుండ్రంగా, గట్టిగా ఉండేవి ఏరు ఓబక్కా" అని చెప్పాను. ఆమె తల ఊపింది. వారం తిరిగేసరికి కుప్పలు వచ్చాయి. నేను చూశాను, సైజు సరిపోయింది, నున్నగానే ఉన్నాయి, ఏటి మట్టి పట్టి అన్నీ ఒకే రంగులో కనిపించాయి. నాయన పలకలు పరిపించి ఎదురుచూస్తున్నాడు, షావుకారు రోజుకు రెండుసార్లు వచ్చిపోతున్నాడు. ఆ తొందరలో నేను యాసిడ్ సీసా మూత తీయలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఈ వాక్యం రాయడానికి కూడా నాకు చెవులు వేడెక్కుతున్నాయి.

మూడో రోజుకు పీపా తెరిస్తే సగానికి సగం రాళ్ళు నిమ్మకాయలంత అయ్యాయి. నురగ తొట్టిలో మాత్రం సంబరం. తొట్టి అంచులు దాటి, నేలమీదికి దిగి, నాయన చెప్పులదాకా నురగ పొంగింది. చూడటానికి తెల్లగానే ఉంది. షావుకారు చంకలు గుద్దుకున్నాడు. నేను ఆ పిండి చిటికెడు తీసి యాసిడ్ చుక్క వేశాను. బుస్సుమంది. పిడికిట్లోకి తీసుకుంటే మణికట్టు వంగలేదు. ముగ్గురాయి పిండికి ఉండాల్సిన బరువే లేదు, అందులో సగానికి సగం సున్నపురాయి. కంపెనీ మనిషి రావడానికి ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి.  "కుప్పలు ఎవరు సూసినారు?" అని షావుకారు అడిగితే నాయన, "నేనే సూసినా" అన్నాడు. అబద్ధం. ఆ అబద్ధం విన్నాక నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. నేరుగా పెన్నలోకి దిగాను.

ఓబక్క ముఠా ఏరుతున్న చోటికి పోతే, ఒడ్డున పెద్ద బండ మీద నేను ఊహించనిది కనిపించింది. వరసలు వరసలుగా పలుగురాళ్ళు. తెల్లనివి, తేనెరంగువి, ఒక్కదానికీ పగులు లేదు, సొట్ట లేదు. ప్రతి రాయికీ పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టారు. కొన్నిటి ముందు తంగేడు పూలు. నేను కావాలన్న రాళ్ళన్నీ, రెండు బండ్లకు తక్కువ కాకుండా, అక్కడే ఉన్నాయి.

"ఏంది ఓబక్కా ఇది?" అన్నాను.

"దేవుళ్ళు తల్లీ."

"ఇంతమందా?"

"దేవుడు ఎంతమందిగా ఉంటే నీకేం కష్టం మాబున్నీ? పెన్నమ్మ ఇన్నేండ్లు దొర్లించి దొర్లించి లింగాలు సేసిండాది. కొన్నిటికి నడుముకు జంధ్యం గూడా ఉండాది సూడు" అని తెల్లటి చార ఉన్న రాయిని చూపించింది. "నువ్వు గుండ్రంగా ఉండేవి ఏరమంటివి. అచ్చంగా గుండ్రంగా ఉండేవి దేవుళ్ళు గదా. రవ్వంత తక్కువ గుండ్రంగా ఉండేవి మీకు పంపిస్తిమి."

నేను తల పట్టుకుని ఇసుకలో కూర్చున్నాను. తప్పు ఆమెది కాదు. మంచి రాయి ఏదో ఆమెకు నాకంటే బాగా తెలుసు. జాడీ లేకుండా, త్రాసు లేకుండా, చేత్తో తాకి ఏరింది. పైగా నేను సాయిబుల పిల్లను. మీ దేవుళ్ళను తీసి మిల్లులో వేయమని ఏ నోటితో అడగను? అయినా అడిగాను. మిల్లు మూతపడుతుందని, మీ కూలి కూడా పోతుందని చెప్పాను. ఓబక్కకు కోపం రాలేదు. నా పక్కన కూర్చుని మెల్లగా అంది: "తెలుసు తల్లీ. మిల్లు మూస్తే మా పొయ్యి గూడా మూతపడతాది. అయినా దేవుణ్ణి పిండి సేసి బతికేదా?"  ఇప్పటికీ అంత సూటి ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగలేదు.

ఇంటికొచ్చి జేజికి జరిగిందంతా చెప్పాను. ఆమె నస్యం పీల్చి మూడు తుమ్ములు తుమ్మి, కొంగు నడుముకు దోపి, మధ్యాహ్నపు ఎండలో పెన్నకు బయల్దేరింది. వెనక నేను. ఓబక్క పెళ్ళికి పరుపు కుట్టి ఇచ్చింది మా జేజే. ఆ ఇద్దరికీ ముప్పైయేళ్ళ పరిచయం.

"ఏమే ఓబులీ, నీ పెండ్లిలో రోటికి పసుపు పూసి దండం పెట్టినావా లేదా?" అంది జేజి, బండమీద కూర్చోకముందే.

"పెట్టినా అత్తా. పెట్టకుండా పెండ్లి యాడిది?"

"మర్నాడు ఆ రోట్లో ఏం రుబ్బినావు?"

ఓబక్క ఆలోచించింది. "ఉద్దిపప్పు" అంది.

"రోలు దేవుడు గదా, రోకలి దేవుడు గదా. యాల రుబ్బినావు మరి? మా ఇంట్లో విల్లు ఉండాది. రోజూ పొద్దన సలాం కొడతా. మా ఆయన ఉన్నన్ని దినాలు సలాం కొట్టినాకనే దాంతో పత్తి ఏకినాడు. దండం పెట్టినామని పనిలోనుంచి తీసేస్తామా ఏమి? పని సేసేదానికే గదే దండం పెట్టేది!"

ముఠా ఆడవాళ్ళందరూ ఏరడం ఆపి చుట్టూ చేరారు. ఓబక్క ఒక లింగాన్ని ఒళ్ళోకి తీసుకుని బొటనవేలితో నిమిరింది.  చివరికి, "పని జేసే దేవుడంటావు" అంది.

"అంతే."

"అట్లయితే నేను సెప్పినట్టు సెయ్యాల" అని ఓబక్క లేచి నిలబడి నాకేసి చూసింది. రాళ్ళను పారలతో ఎత్తి వేయకూడదు. తను, తన ముఠా చేతులతో ఒక్కొక్కటిగా దించుతారు. ముందు టెంకాయ కొట్టాలి. సోమవారం పీపా తిప్పకూడదు, ఆ రోజు సాములకు విశ్రాంతి. అరిగి చిన్నవైపోయిన రాళ్ళను చెత్తలో పారేయకూడదు, తన చేతికి ఇవ్వాలి, తను పెన్నలో కలుపుతుంది. నేను అన్నిటికీ తల ఊపాను. ఊపాక గుర్తొచ్చింది, మిల్లు నాది కాదని.

షావుకారు విని గంతులేశాడు. "వారానికి ఒకదినం నిలిపేదా? దేవుళ్ళకు సెలవు ఇచ్చేది నేను యాడా వినలేదప్పా!" అన్నాడు. నాయన అడ్డుపడ్డాడు. "ఇంజను కడిగేదానికి, పట్టీలు బిగించేదానికి ఎట్లైనా ఒకదినం కావాల సామీ. ఆదివారం సేసేది సోమవారం సేస్తాం. పోయేదేముండాది?" నా వైపు చూడకుండానే అన్నాడు. ఇనుప గుండ్ల నాయన రాయి పక్షాన మాట్లాడడం నేను విన్న మొదటిసారి అదే.

రాళ్ళు దించిన పొద్దున నేను మర్చిపోలేను. ఎనిమిదిమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి పసుపు రాళ్ళు అందించారు. పీపా లోపల నాయన మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్కటీ అందుకుని పేర్చాడు. నెత్తిన టోపీ, చేతులనిండా పసుపు. పసుపుతో పిండి రంగు తిరుగుతుందేమోనని నాకు భయం. ఓబక్కను అడగడానికి ధైర్యం చాలక, అన్ని రాళ్ళూ దించాక మొదటి రెండు గంటలు వట్టి నీళ్ళు పోసి తిప్పుదామన్నాను. "అభిషేకమా? మంచిదే, తిప్పండి" అని ఓబక్కే ఒప్పుకుంది. పసుపునీళ్ళు కాలువ గుండా పోయాయి. ఈసారి ప్రతి వరసలోంచీ పది రాళ్ళకు యాసిడ్ చుక్క వేశాను. ఒక్కటీ పొంగలేదు. ఎనిమిదిమంది చేతులు ఏరిన దాంట్లో ఒక్క తప్పుడు రాయి లేదు.

నాయన చెప్పినట్టే గంట పని మూడు గంటలు పట్టింది. కంపెనీ మనిషి వచ్చేసరికి తొట్టిలో నురగ అన్నం ఉడికేటప్పుడు గంజి పొంగినంత తెల్లగా, నిదానంగా పొంగుతోంది. ఆయన కోటు వేసుకున్న మద్రాసు మనిషి. ఆరిన పిండిని వేళ్ళమధ్య నలిపి, కాగితంమీద రాసి, తను తెచ్చుకున్న తెల్లటి పిండి పక్కన పెట్టి చూశాడు. తర్వాత పీపాలోకి తొంగిచూసి, ఈ రాళ్ళు ఏ దేశంనుంచి తెప్పించారని ఇంగ్లీషులో అడిగాడు. షావుకారు నా వైపు చూశాడు. "పెన్న నుంచి సార్" అన్నాను. "ఎవరు సెలెక్ట్ చేశారు?" అన్నాడు. నేనని చెప్పుకోవచ్చు, ఎవరూ కాదనరు. గేటు దగ్గర కూర్చుని ఆకువక్క వేసుకుంటున్న ఓబక్కను చూపించాను. ఆయన జోక్ అనుకుని నవ్వాడు. ఆర్డరు మాత్రం రాశాడు. ఆ సాయంత్రం నాయన ఒంటిమీది పిండి కోసం వీధిలో ఆడవాళ్ళు ఎప్పుడూలేనంతగా మూగారు. మర్నాడు మా వీధి ముగ్గులు చూస్తుంటే కళ్ళు జిగేల్మన్నాయి. బళ్ళారి మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

భీమరావు సారు కొత్త కళ్ళద్దాలతో తిరిగొచ్చి అంతా విన్నాడు. యాసిడ్ సీసా మూత తీయని సంగతి కూడా నేనే చెప్పాను. ఆయన ఒక ఏలక్కాయ తీసి నాకిచ్చి, "నేను గూడా ఒకసారి మరిచితిని. అది ఎవరికీ చెప్పబేడ" అన్నాడు. ఇప్పుడు ఆయన లేడు గనుక చెప్తున్నాను.

ఆ కాలం బంగారమని నేను అనను. నాయన చివరి రోజుల్లో దగ్గిన దగ్గు ఆ పిండి పెట్టిందే. మూతికి గుడ్డ కట్టుకోవాలని మాకెవరూ చెప్పలేదు, చెప్పగలిగిన వాళ్ళకూ తోచలేదు. మా ఇలియాజ్ ఫ్యాక్టరీలో ముక్కుకు మాస్కు లేకుండా లోపలికి రానివ్వరట. అది విని నాకు నిజంగా సంతోషమేసింది. ఆ కాగితాలూ, ఆ టిక్కులూ మంచివే, వాటివల్ల నాలాంటి తొందరమనిషి చేసే తప్పులు తగ్గుతాయి. కాకపోతే వాడి ఫ్యాక్టరీలో గుండ్లు అరిగిపోతే సంచిలో కట్టి మూలన పడేస్తారు, అవి ఎటు పోతాయో వాడికి తెలియదు. మాకు తెలిసేది. అంతే తేడా.

మొదటి దఫా అరిగిన రాళ్ళు చేతికొచ్చింది చాలా నెలల తర్వాత. అప్పటికి ఎగువన ఎక్కడో వానలు పడి పెన్నలో మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. కోడిగుడ్డంత రాళ్ళు వక్కలంతయ్యాయి, ముందుకంటే గుండ్రంగా, ముందుకంటే నున్నగా. ఓబక్క వాటిని ఒళ్ళో పోసుకుని నీళ్ళలోకి దిగింది. ఒడ్డున మేమందరం నిలబడ్డాం. జేజి, నేను, పని మధ్యలో వదిలేసి వచ్చిన నాయన. రాయికి దండం పెట్టే అలవాటు మాకు లేదు గనుక ఊరికే నిలబడ్డాం.  ఓబక్క గుప్పెడు గుప్పెడుగా రాళ్ళను నీళ్ళలోకి వదులుతూ, పక్కింటివాళ్ళతో మాట్లాడినంత మామూలుగా అంది:

"పొయ్యిరా సామీ. నువ్వు అరిగితివి, మేము బతికితిమి."